లైగర్‌కు (మగ సింహానికి, ఆడ పులికి పుట్టిన సంకర జంతువుకు) పిల్లలు పుడితే సింహం, పులి ఒకే జాతి కావాలి కదా?

‘తమలో తాము కలిసి పిల్లల్ని కనే, ఇతర గుంపులతో కలవని సహజ జనాభాలే ఒక జాతి’ అన్న నిర్వచనంలో మీరు ‘సహజ’ అన్న మాటను వదిలేశారు, చిక్కంతా అక్కడే ఉంది. జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ 1942లో చెప్పింది సహజ జనాభాల గురించి. జంతు ప్రదర్శనశాలలో ఒకే ఆవరణలో పెట్టిన రెండు జంతువుల గురించి కాదు.

ఈ వరుసలో చూడండి:

1. ముందు అడగవలసిన ప్రశ్న: ప్రకృతిలో ఈ రెండు గుంపులు తమలో తాము కలిసి జన్యువులు పంచుకుంటున్నాయా? చాలామంది దీన్ని దాటేసి నేరుగా ‘పిల్ల గొడ్డుదా, కాదా’ అన్న చోటికి వెళ్తారు. ఒకప్పుడు భారతదేశంలో సింహాలు, పులులు రెండూ విస్తారంగా ఉండేవి. అయినా కలగలిసి ఒకే గుంపు కాలేదు. సింహాలు గుంపుగా బతుకుతాయి, పులి ఒంటరిగా తిరుగుతుంది. ప్రవర్తన కూడా అడ్డుగోడే. రెండు గుంపులు ఇలా కలవకుండా వేరుగా ఉండటాన్నే ప్రత్యుత్పత్తి వివిక్తత అంటారు.

2. సంతానం సంగతి ఆ తర్వాతే. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, కంచరగాడిదకు 63. అందుకే అది దాదాపు ఎప్పుడూ గొడ్డుదే. లైగర్ అలా కాదు: మగది గొడ్డుది, ఆడది ఈనగలదు. 2012లో నోవోసిబిర్స్క్ జూలో ఆడ లైగర్‌కు, మగ సింహానికి పిల్ల పుట్టింది కూడా. మీరు చదివినది బహుశా ఇదే.

3. పేర్లలోనూ ఇది కనిపిస్తుంది: పాంథెరా లియో, పాంథెరా టైగ్రిస్. ప్రజాతి ఒకటే, జాతులు వేరు.

బాక్టీరియాకు, శిలాజాలకు మాత్రం ఈ కొలత పెట్టకండి, అక్కడ పనికిరాదు.