మాంచెస్టర్ యునైటెడ్‌కి మళ్ళీ కొత్త మేనేజర్ కావాలా?

2024-25 సీజన్‌లో మన ఫుట్‌బాల్ క్లబ్ యునైటెడ్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 15వ స్థానంలో ఆగిపోయింది, యూరప్ క్లబ్‌ల కప్పు యూరోపా లీగ్ ఫైనల్ కూడా పోయింది, మరి కోచ్ అమోరిమ్‌ని ఉంచాలా తీసేయాలా, తీసేస్తే తర్వాత ఎవరు అని అడిగారు. ఈ విషయం మీద మీ హాస్టల్ రూమ్‌లో ఇద్దరు మాటలు మానేశారని కూడా రాశారు. మా ఇంట్లో తండ్రీకొడుకులు మాటలు మానేశారండి. అందుకే 2025 జూన్‌లో కూర్చుని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఉంచాలి. అమోరిమ్ అంటే పిచ్చి అభిమానం ఉండి కాదు. మన పాత మేనేజర్ ఫెర్గూసన్ వెళ్ళిపోయిన 2013 నుంచి మనం మేనేజర్‌ని తప్ప ఇంకేదీ సరిగ్గా మార్చలేదు కాబట్టి.

మాది మొగల్తూరు వైపు. రెండు రొయ్యల చెరువులున్నాయి, రాత్రి కాపలా నాది. ఇంగ్లండ్‌లో రాత్రి 8కి మొదలయ్యే మ్యాచ్ మనకి ఎండాకాలం పన్నెండున్నరకి, చలికాలం ఒంటిగంటన్నరకి వస్తుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది కూడా తెల్లవారుజామునే కాబట్టి ఆ టైములో ఎలాగూ మెలకువగా ఉండాలి. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరుగుతూ ఉంటాయి, గట్టు మీద షెడ్డులో ఫోన్ పెట్టుకుని మ్యాచ్ చూస్తాను. 2008లో యునైటెడ్ మాస్కోలో ఆడిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మాత్రం పాలకొల్లులో అక్కావాళ్ళింట్లో బావగారితో కలిసి చూశాను. ఈ పిచ్చి నాకు అంటించింది ఆయనే. అప్పుడు మా మేనల్లుడికి రెండేళ్ళు, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వాడూ యునైటెడే. గొడవ ఆ ఇద్దరి మధ్యే.

ఏప్రిల్‌లో లియాన్‌తో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్ నాటికి ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. మనకి 18వ తేదీ వచ్చేసింది, తెల్లారితే గుడ్ ఫ్రైడే. సెలవని మేనల్లుడు నా దగ్గరే గట్టు మీద ఉన్నాడు. 2-0 నుంచి 2-2 అయి ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగిపోతే చెరువు చప్పున నిశ్శబ్దమైపోతుంది, ఆ నిశ్శబ్దానికి గుండె ఆగినంత పనవుతుంది. పరుగెత్తి జనరేటర్ వేసి వచ్చేసరికి లియాన్ మూడోది కొట్టేసింది. కాసేపటికి పెనాల్టీతో నాలుగోది. పాలకొల్లు నుంచి బావగారు ఫోన్ చేసి "ఇంక పడుకోండ్రా" అన్నారు. మేం పడుకోలేదు. 114వ నిమిషంలో మన బ్రూనో పెనాల్టీ, 120లో మైను, ఆ మరుసటి నిమిషమే మగ్వైర్ తల. 5-4. మేనల్లుడు చేతిలో ఉన్న, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే నీళ్ళలోకి విసిరేశాడు. పక్క చెరువు కాపలావాళ్ళు ఎవరో చెరువులో పడ్డారనుకుని టార్చిలైట్లు వేసుకుని వచ్చారు. బావగారు మళ్ళీ ఫోన్ చేశారు కానీ మాట రాలేదు, ఏడుస్తున్నారు.

నెల తిరిగేసరికి స్పెయిన్‌లో బిల్బావో. మే 21 ఫైనల్, మనకి 22. టాటెన్‌హామ్ చేతిలో 1-0. అదే సీజన్‌లో వాళ్ళ మీద మనకి అది నాలుగో ఓటమి. తెల్లారగానే బావగారు బండి వేసుకుని చెరువు దగ్గరికి వచ్చేశారు. ముగ్గురం షెడ్డులో కూర్చున్నాం.

"మన వింగర్ గర్నాచోని 70 నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టినవాడికి ఇంకో సీజన్ ఇస్తారా?" అన్నాడు మేనల్లుడు.

"ఒరేయ్, ఇతను ఆరోవాడు. ఏడోవాడొచ్చి ఏం చేస్తాడు?" అన్నారు బావగారు.

"మీరు ఫెర్గూసన్ దగ్గరే ఆగిపోయారు నాన్నా. లెక్క చూడండి." ఫోన్‌లో పట్టిక తీసి చూపించాడు. ఆ లెక్క నిజమే, దాచడానికి లేదు. అమోరిమ్ రాకముందు లీగ్‌లో 11 మ్యాచ్‌లకి 15 పాయింట్లు. అమోరిమ్ కింద 27 మ్యాచ్‌లకి 27 పాయింట్లు, అందులో 14 ఓటములు. మొత్తం 42. ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక మనకి ఇంతకన్నా తక్కువ ఎప్పుడూ రాలేదు.

బావగారు ఏదో అన్నారు, వాడు ఇంకేదో అన్నాడు. కొన్ని మాటలు ఇక్కడ రాయలేను. టీ గ్లాసు తాగకుండానే బండెక్కి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి వాడు హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే అక్కతో మాట్లాడి పెట్టేస్తున్నాడు.

వాడి బాధ నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే పని చేసినవాణ్ణి. 2014 ఏప్రిల్‌లో, ఫెర్గూసన్ తర్వాత వచ్చిన మోయెస్‌ని తీసేసిన రోజు సెంటర్లో స్వీట్లు పంచాను. ఆరేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చి పది నెలలకే పంపేశారు, ఆ సీజన్ ఏడో స్థానం, 64 పాయింట్లు. ఇప్పుడు 64 వస్తే కళ్ళకద్దుకుంటాం. తర్వాత వాన్ గాల్. 2016లో ఎఫ్‌ఏ కప్ గెలిచిన రెండో రోజే పంపేశారు, నేను సరేనన్నాను. మౌరిన్యో 2017-18లో 81 పాయింట్లతో రెండో స్థానంలో ఉన్నాడు, 2018 డిసెంబర్‌లో పోయాడు, అప్పుడూ సరేనన్నాను. సోల్‌షెయర్‌ని వాట్‌ఫర్డ్ చేతిలో 4-1తో ఓడాక తీసేశారు. టెన్ హాగ్‌కి 2024 జులైలో కాంట్రాక్ట్ పొడిగించి, అక్టోబర్ 28న తీసేశారు. ప్రతిసారీ కొత్తవాడు వస్తున్నాడంటే నాకు పండగే. పాతవాడి కోసం కొన్న ఆటగాళ్ళు అక్కడే మిగిలిపోతున్నారన్న ఆలోచన నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

అది కూడా ఫుట్‌బాల్ చూసి రాలేదు, చెరువు చూసి వచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా పెద్ద చెరువులో వరసగా మూడు పంటలు పోయాయి. ఒకసారి వైట్ గట్ రోగం, ఒకసారి వైట్ స్పాట్ రోగం, మూడోది నలభై రోజులకే మేత మానేసింది. ప్రతి పంటకీ టెక్నీషియన్‌ని మార్చాను. ఒకాయన ఒక కంపెనీ మేత అన్నాడు, రెండో ఆయన అది ఆపి వేరేది వేయించాడు, సీడ్, అంటే రొయ్య పిల్లల్ని తెచ్చే హేచరీ కూడా మార్పించాడు. మొదటాయన మాట మీద కొన్న మందులు షెడ్డులో అలాగే ఉండిపోయాయి. మూడో పంట పోయాక వచ్చినాయన మందుల పేరే ఎత్తలేదు. ప్యాంటు మడిచి చెరువులోకి దిగాడు, వంగి అడుగు నుంచి గుప్పెడు మట్టి తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. తారులా నల్లగా ఉంది, కుళ్ళిన గుడ్డు వాసన. "దీని మీద ఎవరొచ్చి ఏం వేసినా ఇంతేనండి" అన్నాడు. రొయ్యల పట్టుబడి అవ్వగానే ఎండబెట్టకుండా మళ్ళీ నీళ్ళు పెట్టేస్తూ వచ్చాం, ఒక్క పంట కూడా వదులుకోవడం ఇష్టం లేక. ఆ ఏడాది ఒక పంట వదిలేశాం. నేల బీటలు వారేదాకా ఎండబెట్టి, ట్రాక్టర్‌తో నల్లమట్టి తీయించి, సున్నం చల్లించాం. తర్వాతి పంట చివరిదాకా నిలబడింది. చేయించింది ఆ చివరి టెక్నీషియనే, కానీ ముందు వచ్చినవాళ్ళు చేతకానివాళ్ళని మాత్రం ఇప్పుడు నేను అనలేను.

యునైటెడ్ అడుగు మట్టి చూడండి. 2024 వేసవిలో టెన్ హాగ్ ఆటకి సరిపడేలా డి లిఖ్ట్, మజ్రావీ, జిర్క్‌జీ, ఉగార్టే, యోరోలని కొన్నారు. ఆ కొనుగోళ్ళు ముగిసిన రెండు నెలలకే ఆయన్ని తీసేశారు. తర్వాత వచ్చిన అమోరిమ్ ముగ్గురు డిఫెండర్లతో, రెండు పక్కలా పైకీ కిందకీ పరుగెత్తే ఇద్దరు వింగ్‌బ్యాక్‌లతో ఆడించే మనిషి. జట్టులో అసలు సిసలు వింగ్‌బ్యాక్ లేడు. కుడికాలి ఆటగాడు డాలోని ఎడమవైపు ఆడించాల్సి వచ్చింది. ఫిబ్రవరి మొదట్లో డోర్గు వచ్చేదాకా అంతే. ముందు వరసలో హోయ్‌లుండ్, జిర్క్‌జీ ఇద్దరూ కలిపి లీగ్‌లో ఏడు గోల్స్ కొట్టారు. సీజన్ అయ్యాక వస్తానని అమోరిమ్ అడిగితే, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదన్నారని ఆయనే చెప్పాడు. ఇవన్నీ చూసుకోవాల్సిన స్పోర్టింగ్ డైరెక్టర్ ఆష్‌వర్త్‌ని నెలల తరబడి బేరమాడి తెచ్చుకుని, ఐదు నెలలకే పంపేశారు. ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. అమోరిమ్ పదవి పేరు మేనేజర్ కాదు, హెడ్ కోచ్. ఎవర్ని కొనాలో చివరి మాట ఆయనది కాదు. మనం మాత్రం ఫెర్గూసన్‌ని తిట్టినట్టు, పొగిడినట్టు అన్నీ ఆయన తలకే చుడుతున్నాం.

అందుకే బావగారి ఫెర్గూసన్ వాదన కూడా నాకు పూర్తిగా ఎక్కదు. 1986 నవంబర్‌లో వచ్చాడు, 1990లో గానీ మొదటి కప్పు రాలేదు, ఆ ఏడాది లీగ్‌లో 13వ స్థానం, అయినా ఓపిక పట్టారు అంటారు. నిజమే. కానీ ఆ మూడున్నరేళ్ళూ ఆటగాళ్ళని అమ్మింది, కొన్నది, పిల్లల జట్టుని నిలబెట్టింది ఫెర్గూసనే. ఓపిక పట్టినవాళ్ళు పని కూడా ఆయన చేతికే ఇచ్చారు. ఉత్త ఓపిక ఒక్కటీ చాలదు.

మేనల్లుడి మాటలోనూ న్యాయం ఉంది. అమోరిమ్ మొండివాడు. మధ్యలో ఇద్దర్నే పెట్టి, అందులో ఒకడు బ్రూనో అయితే, ఎదుటివాళ్ళు ముగ్గురితో వచ్చినప్పుడు ప్రతి మ్యాచ్‌లో అదే చోట చిల్లు పడింది. బోర్న్‌మౌత్ మన ఇంటికొచ్చి 3-0 కొట్టి వెళ్ళారు. జనవరిలో బ్రైటన్‌తో ఓడాక యునైటెడ్ చరిత్రలోనే మనది చెత్త జట్టేమో అని ప్రెస్ ముందు అన్నాడు. ఆ మాట విన్న కుర్రాళ్ళు మర్నాడు ప్రాక్టీస్‌కి ఏ మొహంతో వస్తారు? అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. వచ్చే సీజన్‌లో కూడా మ్యాచ్ ఎలా సాగుతున్నా ఆ ఆకారం మార్చనంటే, అప్పుడు నేనూ మేనల్లుడి పక్కనే నిలబడతాను. కానీ సీజన్‌కి ముందు తన సొంత ప్రాక్టీస్ (ప్రీసీజన్) ఒక్కటి కూడా లేకుండా, తను అడిగిన ఆటగాళ్ళు లేకుండా తీర్పు చెప్పడం అన్యాయం. కొత్త ఫార్వర్డ్ కున్యా ఇప్పుడే వచ్చాడు, యూరప్ మ్యాచ్‌లు లేవు కాబట్టి వారమంతా ప్రాక్టీస్‌కి టైముంటుంది.

టాటెన్‌హామ్‌నే చూడండి. 17వ స్థానంలో ముగించారు, కానీ 2008 తర్వాత మొదటి కప్పు గెలిచారు. అయినా జూన్ 6న మేనేజర్ పోస్టెకోగ్లూని తీసేశారు. మంచో చెడో, సీజన్ అయ్యాక, కొత్త ఆటగాళ్ళని కొనకముందు తీసేశారు. మనం చాలాసార్లు కొన్నాక, సీజన్ మధ్యలో తీసేస్తాం. చెల్సీ 2022-23లో అదే చేసింది. సెప్టెంబర్‌లో టుకెల్‌ని, ఏప్రిల్‌లో పాటర్‌ని పంపేసి లాంపార్డ్‌ని తెచ్చారు. 44 పాయింట్లతో 12వ స్థానం.

ఇక తర్వాత ఎవరు అంటే. ఒకవేళ తీయాల్సే వస్తే నా ఓటు గ్లాస్నర్‌కి. క్రిస్టల్ ప్యాలెస్ కోచ్‌గా మే 17న మాంచెస్టర్ సిటీ మీద 1-0తో ఎఫ్‌ఏ కప్ గెలిచాడు, ఆ క్లబ్‌కి అదే మొదటి పెద్ద కప్పు. కప్పు గెలిచాడని కాదు నేను ఆ పేరు చెప్పేది. అతనూ వెనక ముగ్గురితోనే ఆడిస్తాడు. ఇప్పుడు అమోరిమ్ కోసం కొంటున్నవాళ్ళు అతనికీ పనికొస్తారు, మళ్ళీ మొదటికి రాదు. మేనల్లుడు బోర్న్‌మౌత్ ఇరావోలా కావాలంటాడు. మంచి కోచ్, కాదనను. కానీ అతని ఆట వేరు, వెనక నలుగురు, ఎదుటివాళ్ళ గోల్ వైపు నుంచే బంతి కోసం వెంటపడాలి. అతన్ని తెస్తే డబ్బు మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి.

లివర్‌పూల్ పేరు చెప్పాలంటే నోరు రాదు, కానీ చెప్పాలి. వాళ్ళ మేనేజర్ క్లాప్ వెళ్ళిపోతానని 2024 జనవరిలోనే చెప్పేశాడు. వాళ్ళు తీరిగ్గా వెతికి, ఉన్న జట్టుకి సరిపడే స్లాట్‌ని తెచ్చారు. ఆ వేసవిలో వెంటనే ఆడించడానికి కొన్నది ఒక్క కియేసానే. మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచారు. కొత్త మేనేజర్ వల్లే గెలిచారని మేనల్లుడు అంటాడు, జట్టు వల్లే అని బావగారు అంటారు. రెండూ కుదిరాయి కాబట్టి గెలిచారని నా నమ్మకం, ఆ కుదర్చడం పైనున్నవాళ్ళ పని.

మీ రూమ్‌లో ఒక పని చేసి చూడండి. ఎవరైనా మేనేజర్ పేరు చెబితే, ఇప్పుడున్న ఆటగాళ్ళలో ఏ పదకొండు మందిని ఎక్కడ ఆడిస్తాడో కాగితం మీద రాయమనండి. నేను నిన్న ఫోన్‌లో మేనల్లుడితో అలాగే రాయించాను. ఇరావోలాకి ఆరు చోట్ల కొత్తవాళ్ళు కావాల్సి వచ్చింది. వాడు ఒప్పుకోలేదు గానీ, గొంతు మాత్రం తగ్గింది.

ఆగస్టు 17న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆర్సెనల్‌తో మొదటి మ్యాచ్, మనకి రాత్రి 9కి. జులై మొదట్లో సీడ్ వేస్తున్నాం, అప్పటికి నలభై రోజుల రొయ్య ఉంటుంది చెరువులో. ఇద్దర్నీ గట్టు మీదకే రమ్మన్నాను. బావగారు వస్తానన్నారు. వాడు ఇంకా చెప్పలేదు, కానీ నిన్న ఫోన్ పెట్టేసే ముందు "నాన్న ఎలా ఉన్నారు మావయ్యా?" అని అడిగాడు.