పారావ్యూలో చిత్రమంతా నీలంగా కనబడుతుంటే ముందుగా రేంజ్ చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. ఒక లోహపు పలకలో ఉష్ణప్రసరణను సిమ్యులేట్ చేసి ఫలితాలను, అలాంటి లెక్కల ఫలితాలను రంగుల చిత్రాలుగా చూపే సాఫ్ట్‌వేర్ అయిన పారావ్యూలో తెరిస్తే, పలక దాదాపు మొత్తం ఒకే నీలంగానూ ఒక మూల మాత్రం చిన్న ఎర్రచుక్కగానూ కనబడుతోంది. కలర్ మ్యాప్‌లను, అంటే ఏ విలువకు ఏ రంగో చెప్పే పట్టికలను, నాలుగైదు మార్చి చూసినా ప్రయోజనం లేదు, యానిమేషన్‌లో రంగులు నమ్మదగినట్టుగా లేవు, నివేదికలో పెట్టిన బొమ్మ తెర మీద చూసినదానికి భిన్నంగా వచ్చింది. ఈ ఇబ్బందులన్నీ నేనూ పడ్డాను. మొదటిది తీరితే మిగిలినవి సగం తీరినట్టే కాబట్టి దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

కలర్ మ్యాప్‌ను అలంకారంగా కాక కొలబద్దగా చూడాలి. ఆ కొలబద్ద ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించేది రేంజ్. మీరు ఒక రాశిని ఎంచుకోగానే పారావ్యూ ఆ రాశి కనిష్ఠ, గరిష్ఠ విలువలను తీసుకొని వాటి మధ్య రంగులను పరుస్తుంది. మీ పలకలో ఉష్ణోగ్రతలు 300 నుంచి 340 కెల్విన్ల మధ్య ఉండి, ఎక్కడో ఒక్క సెల్‌లో (లెక్క కోసం పలకను విడగొట్టిన చిన్న గడులలో ఒకదానిలో) 2,900 కెల్విన్లు నమోదయిందని అనుకుందాం. 256 రంగుల పట్టిక అయితే 2,600 కెల్విన్ల వెడల్పులో ఒక్కో రంగు వంతుకు 10 కెల్విన్లకు పైగా వస్తాయి. మీరు చూడదలచుకున్న 40 కెల్విన్ల తేడా మొత్తం పట్టిక అడుగున ఉన్న నాలుగు నీలాలలో ఇమిడిపోతుంది, పక్కపక్కన ఉండే ఆ నాలుగు నీలాలనూ కన్ను విడదీయలేదు. ఇలాంటప్పుడు ఎన్ని కలర్ మ్యాప్‌లు మార్చినా ప్రతిదానిలోనూ అడుగున ఉన్న నాలుగు రంగులే వాడుకలోకి వస్తాయి. మీకు మార్పు కనబడకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. అదే రేంజ్‌ను 300 నుంచి 340కి కుదిస్తే ఒక్కో రంగుకు 0.16 కెల్విన్ చొప్పున వస్తుంది, పలకలో వేడి ఏ దారిన పాకుతోందో అప్పుడు తేటగా కనబడుతుంది.

కుదించడానికి కలర్ మ్యాప్ ఎడిటర్‌లో ‘రీస్కేల్ టు కస్టమ్ రేంజ్’ అనే మీట ఉంది. అయితే దాన్ని నొక్కే ముందు ఆ ఎర్రచుక్క ఏమిటో తప్పకుండా తేల్చుకోండి. నాకు ఇలాంటి చుక్క మొదటిసారి కనబడినప్పుడు రేంజ్ తగ్గించి దాన్ని కనుమరుగు చేసి, చిత్రం బాగుందని సంతృప్తిపడ్డాను. కొన్ని వారాల తరువాత మెష్‌ను, అంటే ఆ సెల్స్ అల్లికను, సన్నం చేసి మళ్ళీ నడిపిస్తే, సరిగ్గా ఆ మూల నుంచే లెక్క చెదరడం మొదలైంది. బాగా వంకర తిరిగిన ఒక సెల్ అక్కడ ఉంది, ఆ ఎర్రచుక్క ముందే దాని ఆచూకీ ఇచ్చింది. అప్పటి నుంచి ‘థ్రెషోల్డ్’ ఫిల్టర్‌తో అసాధారణమైన విలువలున్న సెల్స్‌ను విడిగా తీసి, అవి ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో చూడనిదే రేంజ్ జోలికి వెళ్ళడం లేదు. హిస్టోగ్రామ్ వ్యూ తెరిస్తే విలువలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో పనిచేసేవారు విలువల 1వ, 99వ శతాంశాలను (1 శాతం, 99 శాతం విలువలు ఏ సంఖ్యలకు దిగువన ఉంటాయో ఆ సంఖ్యలను) లెక్కించి వాటిని హద్దులుగా పెట్టుకోవచ్చు. ఆ హద్దులు ఊహతో కాక లెక్కతో వచ్చినవి కాబట్టి ఎవరైనా అడిగితే సమాధానం చెప్పగలుగుతాం.

రేంజ్ తగ్గించాక హద్దు దాటిన విలువలన్నీ చివరి రంగునే తొడుక్కుంటాయి. చూసేవారికి 340 కెల్విన్లకూ 2,900 కెల్విన్లకూ తేడా తెలియదు. అది చూపరిని తప్పుదారి పట్టించడమే అవుతుంది. కలర్ మ్యాప్ ఎడిటర్‌లోనే హద్దుకు పైన, కింద ఉన్న విలువలకు వేరే రంగు కేటాయించే ఎంపికలు ఉన్నాయి, వెంటనే కనబడకపోతే గేర్ గుర్తు నొక్కి చూడండి. నేను పై హద్దు దాటినవాటికి మ్యాప్‌లో ఎక్కడా లేని ఊదాఎరుపును పెడతాను. విలువే లేని చోట్లకు, అంటే లెక్క విఫలమై నాన్ (‘సంఖ్య కాదు’ అనే గుర్తు) వచ్చిన చోట్లకు, బూడిదరంగు ఇస్తాను. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో కలర్ బార్‌కు, అంటే ఏ రంగు ఏ విలువదో చూపే పట్టీకి, రెండు కొసలకూ త్రికోణాలు పెట్టే ‘ఎక్స్‌టెండ్’ ఎంపిక ఉంది, విలువలు హద్దు దాటి కొనసాగుతున్నాయని ఆ త్రికోణాలు చెబుతాయి. నిండు కాంటూర్లు (సమాన విలువల గీతల మధ్య రంగు నింపిన బొమ్మలు) గీసేటప్పుడు ఈ ఎంపిక ఇవ్వకపోతే హద్దు దాటిన ప్రాంతం రంగు లేకుండా తెల్లగా మిగిలిపోతుంది. అక్కడ డేటా లేదని చాలామంది పొరబడతారు.

మీ రాశి ఉష్ణోగ్రత కాక గాఢతో, అల్లకల్లోల శక్తో అయి, విలువలు పదిలక్షో వంతు నుంచి 1 దాకా పరుచుకొని ఉంటే, రేంజ్ కుదించడం కంటే, పదేసి రెట్ల పెరుగుదలకు సమానమైన చోటిచ్చే లాగరిథమిక్ స్కేలు మేలు. సాధారణ స్కేలులో 1ని 256 భాగాలు చేస్తే మొదటి రంగే 0.0039 దాకా సాగుతుంది, మొత్తం ఆరు పదిరెట్ల మెట్లలో మూడున్నరకు పైగా ఆ ఒక్క రంగులోనే మునిగిపోతాయి. లాగ్ స్కేలుకు సున్నా, రుణ విలువలు పనికిరావు కనుక కింది హద్దును మీరే ధనసంఖ్యగా ఇవ్వవలసి ఉంటుంది. ధన, రుణ విలువలు రెండూ ఉన్న రాశికి మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ‘సిమ్‌లాగ్‌నార్మ్’ ఉంది. అది సున్నాకు ఇరువైపులా కొంత మేర సాధారణ స్కేలునూ ఆపైన లాగ్ స్కేలునూ వాడుతుంది.

ఇక యానిమేషన్. నేను ఒకసారి చల్లారుతున్న పలకకు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ప్రతి కాలపు అడుగుకూ విడివిడిగా బొమ్మ గీసే స్క్రిప్ట్ రాశాను. పలక 360 కెల్విన్ల నుంచి 310కి దిగుతున్నా, వీడియోలో మధ్యభాగం మొదటి నుంచి చివరి దాకా అదే ఎరుపుతో వెలుగుతూనే ఉంది. సరిహద్దు నిబంధన, అంటే పలక అంచుల వద్ద పెట్టిన షరతు, పనిచేయడం లేదేమోనన్న అనుమానంతో మూడు రోజులు సాల్వర్ (సమీకరణాలను లెక్కగట్టే ప్రోగ్రామ్) ఫైళ్ళన్నీ తిరగేశాను. సాల్వర్‌లో ఏ లోపమూ లేదు. హద్దులు నేను ఇవ్వకపోవడం వల్ల ప్రతి బొమ్మా తన సొంత గరిష్ఠ విలువకే ఎరుపు వేసుకుంది, అంతే. కాలంతో మారే ఫలితాలకు మొత్తం కాలానికీ కలిపి ఒకే రేంజ్ ఉండాలి. పారావ్యూలో ‘రీస్కేల్ టు డేటా రేంజ్ ఓవర్ ఆల్ టైమ్‌స్టెప్స్’ అనే మీట ఈ పనే చేస్తుంది. పెద్ద ఫైళ్ళయితే అన్ని అడుగులనూ చదవవలసి వస్తుంది కనుక కొంత ఓపిక పట్టాలి. ఆ తరువాత ఆటోమాటిక్ రీస్కేల్ మోడ్‌ను ‘నెవర్’కు మార్చితే హద్దులు మీకు తెలియకుండా కదలవు. రెండు సిమ్యులేషన్లను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు కూడా ఇదే నియమం వర్తిస్తుంది, రెండింటికీ ఒకే రేంజ్, ఒకే కలర్ బార్ ఉండాలి. వేర్వేరు కొలబద్దలతో కొలిచిన రెండు పొడవులను పోల్చడం ఎంత అర్థరహితమో, వేర్వేరు రేంజ్‌లతో గీసిన రెండు చిత్రాలను పోల్చడమూ అంతే.

రేంజ్ స్థిరపడిన తరువాతనే కలర్ మ్యాప్ ఎంపికకు రావాలి. మీరు వాడినవాటిలో ఇంద్రధనుస్సు రంగుల మ్యాప్ కూడా ఉందని రాశారు. దయచేసి దాన్ని వదిలేయండి. ఈ మాట నేను నష్టపోయి చెబుతున్నాను. ఒక పలక మీద వేడి వ్యాపించే తీరును ఆ మ్యాప్‌తో చూస్తే, మధ్యలో పదునైన పసుపు వలయం ఒకటి కనబడింది. అది ఉష్ణ తరంగపు ముందంచు అని నిర్ధారించుకొని, దాని వేగం కొలవడానికి కూడా సిద్ధపడ్డాను. చివరికి ‘ప్లాట్ ఓవర్ లైన్’ ఫిల్టర్‌తో ఆ వలయానికి అడ్డంగా ఒక గీత మీద విలువలు తీసి చూస్తే, వంపు ఎక్కడా విరగకుండా నునుపుగా సాగిపోయింది. వలయం డేటాలో లేదు, కలర్ మ్యాప్‌లో ఉంది. ఇంద్రధనుస్సు మ్యాప్‌లో వెలుతురు ఒకే దిశలో పెరగదు. నీలం నుంచి పెరుగుతూ పోయి, పసుపు, లేత నీలి ఆకుపచ్చ ఉన్న చోట్ల ప్రకాశించి, ఎరుపు దగ్గర మళ్ళీ పడిపోతుంది. మన కన్ను ఆకారాలనూ అంచులనూ ప్రధానంగా వెలుతురు తేడాలతోనే గుర్తిస్తుంది కాబట్టి, లేని అంచు ఉన్నట్టుగానూ ఉన్న అంచు లేనట్టుగానూ తోస్తుంది. సాఫ్ట్‌వేర్ తయారీదారులు కూడా ఈ లోపాన్ని గుర్తించారు. లెక్కల సాఫ్ట్‌వేర్ మాట్‌ల్యాబ్ 2014లో ‘జెట్’ అనే ఇంద్రధనుస్సు మ్యాప్‌ను తప్పించి ‘పరూలా’ను, మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 విడుదలతో ‘విరిడిస్’ను డిఫాల్ట్‌గా పెట్టుకున్నాయి.

మీ ఉష్ణోగ్రతకు ముదురు ఊదా నుంచి ఆకుపచ్చ మీదుగా పసుపుకు వెళ్ళే విరిడిస్‌ను గానీ, నలుపు నుంచి ఎరుపు, పసుపుల మీదుగా తెలుపుకు వెళ్ళే మ్యాప్‌ను గానీ సూచిస్తాను. విలువ పెరిగేకొద్దీ వెలుతురు పెరగడం ఈ రెండింటి గుణం. పారావ్యూలో చాలాకాలం డిఫాల్ట్‌గా ఉన్న ‘కూల్ టు వార్మ్’ నీలం, ఎరుపుల మ్యాప్ సౌమ్యంగా ఉంటుంది, మంచిదే కానీ దాని ప్రయోజనం వేరు. మధ్యలో ఉన్న లేత బూడిద దగ్గర రెండు వైపులూ విడిపోతాయి కాబట్టి, ఆ మధ్య బిందువుకు భౌతికమైన అర్థం ఉన్నప్పుడే దాన్ని వాడాలి. వేగపు ఒక అంశం ముందుకూ వెనక్కూ మారే చోట సున్నా అలాంటి బిందువు, రెండు సిమ్యులేషన్ల మధ్య తేడాను చూపేటప్పుడు కూడా సున్నా అలాంటిదే. అప్పుడు రేంజ్‌ను -2 నుంచి 2 లాగా సౌష్ఠవంగా ఇవ్వాలి. -0.5 నుంచి 2 అని ఇస్తే బూడిద 0.75 దగ్గరకు జరిగిపోయి, ముందుకు కదులుతున్న ప్రవాహం కూడా కొంతమేర నీలంగా, వెనక్కు పోతున్నట్టుగా కనబడుతుంది. కోణం, దశ వంటి రాశులకు 0 డిగ్రీలూ 360 డిగ్రీలూ ఒకటే కనుక రెండు కొసలూ ఒకే రంగులో కలిసే చక్రీయ మ్యాప్ కావాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని ‘ట్విలైట్’ అలాంటిది.

ఎంచుకున్న మ్యాప్ సరైనదో కాదో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఒక్కటే. బొమ్మను నలుపు తెలుపుగా మార్చి చూస్తాను. ఎక్కువ తక్కువల వరుస అప్పుడు కూడా చదవగలిగితే మ్యాప్ నిలబడినట్టే. కూల్ టు వార్మ్ వంటి ద్విముఖ మ్యాప్‌లకు ఈ పరీక్ష సరిపడదు, వాటి రెండు కొసలూ దాదాపు ఒకే ముదురులో ఉంటాయి. ఉత్తర యూరప్ మూలాలున్న పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. పాఠకుల్లో అలాంటివారు ఎప్పుడూ ఉంటారనుకొనే గీయాలి.

తెర మీది రంగుకూ కలర్ బార్‌లోని రంగుకూ పొంతన కుదరకపోవడానికి పారావ్యూలో మరొక కారణం కాంతి. త్రిమితీయ ఉపరితలం మీద వెలుగునీడలు పడితే 320 కెల్విన్ల రంగు నీడలో ముదిరి 310లా కనబడుతుంది. ఆకారం తెలియడానికి నీడ అవసరమే గానీ, విలువ చదవడానికి అది అడ్డు. పలక వంటి చదునైన వస్తువుకు ‘డిసేబుల్ లైటింగ్’ ఎంచుకోవడంలో నష్టం లేదు. విలువలు సెల్స్‌లో ఉన్నాయా, బిందువుల వద్ద ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి. సెల్ విలువలు గళ్ళుగళ్ళుగా కనబడడం సహజం, నునుపు కోసం వాటిని బిందువులకు మార్చే ఫిల్టర్ వాడితే చిత్రం అందంగా వస్తుంది కానీ గరిష్ఠ విలువలు సగటులో కొంత తగ్గిపోతాయి. గరిష్ఠ ఉష్ణోగ్రతే ముఖ్యమైన నివేదికలో నేను గళ్ళనే ఉంచుతాను.

నివేదికలో బొమ్మ మారిపోవడానికి వస్తే, ముందుగా ఫైలు ఏ రూపంలో భద్రపరిచారో చూడండి. జేపెగ్ కుదింపు రంగుల అంచులను చెరిపి మరకలు చేస్తుంది, పీఎన్‌జీ ఉన్నదున్నట్టుగా ఉంచుతుంది. వీడియో కుదింపు కూడా సన్నని రంగు గీతలను పలుచన చేస్తుంది కనుక, ముందు పీఎన్‌జీ బొమ్మల వరుసగా తీసుకొని ఆ తరువాతే వీడియోగా కూర్చండి. ‘సేవ్ స్క్రీన్‌షాట్’ పెట్టెలో నేపథ్యాన్ని తెల్లగా మార్చే ఎంపికా, బొమ్మ పరిమాణంతో పాటు అక్షరాలను పెంచే ఎంపికా ఉన్నాయి. బూడిద నేపథ్యం మీద తెల్లగా కనబడే కలర్ బార్ అంకెలు తెల్లకాగితం మీద మాయం కాకుండా మొదటిది కాపాడుతుంది. మీ తెరకు రాత్రిపూట నీలికాంతిని తగ్గించే ఏర్పాటు ఉంటే రంగులు ఎంచేటప్పుడు దాన్ని ఆపేయండి. కలర్ బార్ మీద రాశి పేరు, ప్రమాణం రాయడం మరవకండి. పారావ్యూ ఫైలులోని పేరునే చూపుతుంది కానీ ప్రమాణాన్ని తనంతట తాను చేర్చదు.

అంతా కుదిరాక ఆ కలర్ మ్యాప్‌ను ప్రీసెట్‌గా భద్రపరచండి, మొత్తం అమరికను స్టేట్ ఫైలుగా దాచుకోండి. కొత్త ఫలితాలు వచ్చిన ప్రతిసారీ అవే హద్దులు, అవే రంగులు తిరిగి వస్తాయి. ఇంత చేసినా పలక నీలంగానే ఉండిపోతే, ఇన్ఫర్మేషన్ ప్యానెల్‌లో మీ ఉష్ణోగ్రత రాశికి కనబడే కనిష్ఠ, గరిష్ఠ విలువలనూ, థ్రెషోల్డ్ వేశాక ఎన్ని సెల్స్ మిగిలాయో ఆ సంఖ్యనూ ఇక్కడ రాయండి. వాటిని చూస్తే లోపం రేంజ్‌లో ఉందా, మెష్‌లో ఉందా అన్నది చెప్పగలను.