వయసు పద్దెనిమిదని చెప్పమంటే చేరకు

ప్రశ్న: మేడం, మాది తిరుపతి కొర్లగుంట. నాకు 16 ఏళ్లు నిండాయి, ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాశాను. నాన్న ఆటో నడుపుతారు. సెకండియర్ ఫీజులో కొంతైనా నేనే కట్టాలని ఉంది. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా రిసెప్షన్‌లో కూర్చోమంటున్నారు. ఎవరైనా అడిగితే 18 అని చెప్పమన్నారు. అమ్మకు టెన్షన్‌గా ఉంది. అది కాకపోతే అన్న పేరు మీద ఫుడ్ డెలివరీ చేయొచ్చా? మా తమ్ముడికి 12 ఏళ్లు, వాడూ పనికొస్తానంటున్నాడు.

జవాబు: నాయనా, నాన్న మీద భారం తగ్గించాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. పని చేయి. ఆ లాడ్జిలో మాత్రం వద్దు.

14 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లు ప్రమాదం లేని పనులు చేసుకోవచ్చని 1986 నాటి బాలకార్మిక చట్టం, 2016లో మార్చిన తర్వాత, చెబుతోంది. గనులు, బాణసంచా లాంటివి కుదరవు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా మీ చేత పని చేయించకూడదు. మూడు గంటలు దాటకుండా ఒక గంట విరామం ఇవ్వాలి, ఆ విరామంతో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు మించకూడదు. ఓవర్‌టైం లేదు. వారానికో సెలవు ఉండాలి. మీ వయసు వాళ్ల పేరు, పుట్టిన తేదీ, పని గంటలు యజమాని రిజిస్టర్‌లో రాసిపెట్టాలి.

18 అని చెప్పమనేది వీటిని తప్పించుకోవడానికే. సెలవుల్లో యాత్రికుల రద్దీకి చేతికి దొరికిన పిల్లాణ్ణి పెట్టుకుంటారు. నెలాఖరుకు జీతం ఎగ్గొడితే, నువ్వు అక్కడ పనిచేశావని చూపించడానికి కాగితం ముక్క ఉండదు. మీ అమ్మ భయంలో న్యాయం ఉంది.

డెలివరీ మాట అసలు తలపెట్టకు. గేర్ల బండికి లైసెన్సు 18 నిండితేనే ఇస్తారు. మైనరు బండితో పట్టుబడితే బండి యజమానికి లేదా తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. నీకైతే 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఆటో మీద బతుకుతున్న ఇల్లు మీది, నాన్నను ఆ చిక్కులోకి లాగకు.

తమ్ముణ్ణి ఆడుకోనీ. 14 నిండని పిల్లలు సెలవుల్లోనో బడి అయ్యాకో సొంత ఇంటివాళ్ల వ్యాపారంలో చేయి సాయం చేయొచ్చు, అంతే.

బాలాజీ కాలనీ వైపు జిరాక్సు, పుస్తకాల షాపుల్లో అడిగి చూడు. తొమ్మిది నుంచి పన్నెండు, మళ్లీ ఒంటి గంట నుంచి మూడు దాకా అయితే చట్టానికి సరిపోతుంది. టెన్త్ మెమో జిరాక్సు ఇచ్చి నిజమైన వయసే చెప్పు, జీతం బ్యాంకు ఖాతాలో వేయమను. పదేళ్లు దాటినవాళ్లు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చు. ఎవరైనా బలవంతంగా రాత్రిళ్లు పని చేయిస్తే 1098కి ఫోన్ చేయి, ఆ నంబరు మీలాంటి పిల్లల కోసమే.