టెక్ సందేహాలు: మీటరు బాగుందంటోంది, ఫ్యానేమో తిరగనంటోంది

ఎండలు ముదిరే వేళకి మా సీలింగ్ ఫ్యాను నీరసించింది. రెగ్యులేటర్ 5 మీద పెట్టినా రెక్కలు లెక్కపెట్టొచ్చు. ఎలక్ట్రీషియన్ చూసి కండెన్సర్ పోయిందన్నాడు. విప్పి మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూశాను. అంకెలు పెరుగుతూ పోయి, చివరికి తెర మీద ఎడమ పక్కన 1 నిలిచింది. వీడియోల్లో అలా వస్తే మంచిదేనంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

ఎలక్ట్రీషియన్ మాటే. మీ మీటరు కూడా అబద్ధం చెప్పలేదు, మీరు అడిగినదానికే జవాబిచ్చింది. కండెన్సర్ అంటే ఛార్జిని పట్టి ఉంచే బిందె లాంటిది. ఓమ్స్‌లో, అంటే నిరోధం కొలిచే పరిధిలో పెట్టినప్పుడు మీటరు తన బ్యాటరీతో దాన్ని నింపుతుంది. నిండే కొద్దీ అంకె పెరుగుతుంది, పరిధి దాటగానే 1 వస్తుంది. దీన్నిబట్టి లోపల షార్ట్ కాలేదని, తీగ తెగలేదని తేలింది. ఎంత పడుతోందో మాత్రం తేలలేదు. బిందెకి చిల్లు లేకపోయినా, అడుగున సగం దాకా ఇసుక పేరుకుని ఉంటే పట్టే నీళ్లు సగమే కదా.

ఆ ఇసుక ఎలా చేరుతుందంటే, ఫ్యాను కండెన్సర్ లోపల చుట్టిన సన్నటి ప్లాస్టిక్ పొర మీద అతి పలుచని లోహపు పూత ఉంటుంది. కరెంటు ఎగసినప్పుడు పొరలో బలహీనమైన చోట చిన్న బెజ్జం పడుతుంది. వెంటనే దాని చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి, ఆ చోటు మిగతా భాగం నుంచి విడిపోతుంది. షార్ట్ తప్పుతుంది, కానీ ప్రతిసారీ కాస్త సామర్థ్యం పోతుంది. అలా ఏళ్ల తరబడి తరిగి, 2.5 మైక్రోఫారడ్లది (ఆ సామర్థ్యాన్ని కొలిచే లెక్క ఇది) 1.5కి దిగినా ఓమ్స్ పరీక్షలో దర్జాగా పాసవుతుంది.

కాబట్టి మైక్రోఫారడ్లు కొలిచే పరిధి ఉన్న మీటరు కావాలి. డబ్బా మీద 2.5, ±5 శాతం అని ఉంటే సుమారు 2.4 నుంచి 2.6 మధ్య రావాలి. మీ మీటరులో ఆ పరిధి లేకపోతే అదే విలువ గల కొత్తది తెచ్చి, రెండింటినీ 2000కె పరిధిలో (కె అంటే వెయ్యి ఓములు) పెట్టి చూడండి. పాతది కొత్తదానికన్నా బాగా ముందే 1కి చేరితే దాని పని అయిపోయినట్టే. నన్నడిగితే అంత తంటా కూడా వద్దు. కొత్తది కొన్నాక బిగించేయడమే మేలు, నూరు రూపాయల లోపు వస్తువు. కాకపోతే ముందు కరెంటు కట్టేసి రెక్కని చేత్తో తిప్పండి. బరువుగా కదిలి చప్పున ఆగితే తప్పు బేరింగ్‌ది.

విప్పే ముందు దాని రెండు కొసలకీ పాత ఫిలమెంట్ బల్బు తగిలించి, మిగిలిన ఛార్జి పోనివ్వండి. ఆ జిల్లుకి ఉలిక్కిపడి స్టూలు మీంచి జారితే నడుం పట్టుకోవాల్సిందే. టీవీ పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌తో (కండెన్సర్‌కే ఇంకో పేరు) మాత్రం పరాచికాలు వద్దు. 230 వోల్టుల ఏసీ డీసీగా మారాక అందులో 325 వోల్టుల దాకా నిలుస్తుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఛార్జర్ బోర్డు మీద 10కె రెసిస్టర్ 4.7కె చూపిస్తోంది. మార్చేయాలా సార్?
– పొదిలి నుంచి ఒక డిప్లొమా విద్యార్థి

ఆగు నాయనా, అప్పుడే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకు. బోర్డు మీద ఉన్నప్పుడు మీటరు కరెంటు ఆ రెసిస్టర్ గుండానే పోవాలని లేదు, పక్కనున్న భాగాల్లోంచి కూడా పోతుంది. అందుకే విలువ తగ్గి కనిపిస్తుంది. ఒక కాలు బోర్డు నుంచి లేపి మళ్లీ కొలువు. పక్కదారులు విలువని తగ్గిస్తాయే గానీ పెంచవు. కాబట్టి బోర్డులో ఛార్జి ఏమీ మిగలకపోయినా 10కె కాస్తా 40కె చూపిస్తే, ఆ రెసిస్టర్‌ని నిక్షేపంగా అనుమానించవచ్చు. డయోడుకీ ఇదే తంతు. విడిగా తీస్తే మామూలు సిలికాన్ డయోడు ఒకవైపు సుమారు 0.6 వోల్టు చూపి, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. బోర్డు మీద దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలుంటే రెండువైపులా సున్నా దగ్గర రావచ్చు, అంతమాత్రాన డయోడు పోయినట్టు కాదు.

రొయ్యల గుంట కాడ ఏరియేటర్ల లైను కట్టేశాను. అయినా తీగలో మీటరు 70 వోల్టులు చూపిస్తా ఉంది. టెస్ట్ ల్యాంప్ మాత్రం వెలగడంలేదు. ఏంది సార్ ఇది?
– విడవలూరు నుంచి ఒక రైతు (మీటరు ఫొటో కూడా పంపారు)

గట్టు వెంబడి కరెంటున్న తీగా, కట్టేసిన తీగా పక్కపక్కనే చాలా దూరం పోతాయి. వాటి మధ్య దూరమే ఓ చిన్న కెపాసిటర్‌లా పనిచేసి, రెండోదాంట్లోకి రవ్వంత కరెంటు చేరుతుంది. డిజిటల్ మీటరు దాదాపు ఏమీ లాక్కోదు కాబట్టి ఆ రవ్వంత కూడా వోల్టులుగా కనిపిస్తుంది. ల్యాంప్ తగిలించగానే అది కూలిపోతుంది. కానీ ల్యాంపే మాడిపోయి ఉంటే? అందుకే ముందు కరెంటున్నచోట వెలుగుతుందేమో చూడండి, తర్వాత అనుమానమున్న తీగ మీద పెట్టండి, మళ్లీ కరెంటున్నచోట చూడండి. మూడూ సరిగ్గా వస్తేనే తీగ ముట్టుకోండి. తడి గట్టు మీద నిలబడి చేసే పని ఇది.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ ఫొటోలో కనిపించింది. మీటరు ఎర్ర తీగ 10ఏ సాకెట్‌లో ఉంది. చవక మీటర్లలో చాలావాటికి ఆ సాకెట్ వెనుక ఫ్యూజు ఉండదు. అలాగే తీసుకెళ్లి లైనుకి ఆనించారంటే నేరుగా షార్టే. ఈ జవాబు చదివిన వెంటనే దాన్ని తీసి వోల్టుల సాకెట్‌లో పెట్టేయండి.