నరం తెగిన చేతికి పీజో ట్యూబ్ అవసరమా? – సమాధానం

మీ తమ్ముడికి గాజుపెంకు తగిలి మణికట్టు దగ్గర నరం తెగింది, కుట్టి రెండు నెలలైనా వేళ్లకు స్పర్శ లేదు, పీజో ట్యూబ్ వేయించాలా అని అడిగారు. ముందు టెన్షన్ తగ్గించుకోండి. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలికొస ఎంత దూరమో స్కేలు పెట్టి చూస్తే రెండు నెలలు ఎందుకు చాలవో మీకే తెలుస్తుంది.

గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ వస్తుందే, పీజో అంటే అదే, నొక్కితే కరెంటు పుట్టే గుణం. పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌కూ ఆ గుణం ఉంది. తెగిన నరం కొసల్ని దాని గొట్టంలో ఉంచితే ఎలుకల్లో నరం మెరుగ్గా పెరిగిందని 1987లోనే చూపించారు. కానీ ఆసుపత్రుల్లో మామూలుగా వేసేది కాదది. కుట్టిన నరాన్ని దానికోసం మళ్లీ కోయించడం నాకైతే నచ్చదు.

కరెంటు సంగతి వేరు. కెనడాలోని అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు కార్పల్ టన్నెల్ ఆపరేషన్ (మణికట్టులో నలిగిన నరంపై ఒత్తిడి తీసేది) కాగానే నరానికి సెకనుకు 20 సార్లు చొప్పున గంటసేపు కరెంటు ఇచ్చారు. నరం త్వరగా కోలుకుందని 2010లో ప్రచురించారు. ఫిజియో సెంటర్లో కండరానికి పెట్టే మెషీన్ అది కాదు, రెండూ కలపకండి.

వేలికొసల నుంచి మణికట్టు వైపు మెల్లగా తడుతూ రండి. జివ్వుమనే చోటు నెలనెలా వేళ్లవైపు జరుగుతుంటే నరం పెరుగుతున్నట్టే. జరగకపోతే ఆలస్యం చేయకుండా సర్జన్‌ను కలవండి. ఈలోగా వేడి టీ గ్లాసు ఆ చేత్తో పట్టుకోనివ్వకండి, కాలినా తెలీదు.