డబ్బు కట్టే ముందు ఒక పని చేసి చూడు

అల్లుడూ,

ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ సరిపోతుందా, లేక నెలనెలా డబ్బు కట్టి ఫోటోషాప్ తీసుకోవాలా అని అడిగావు. ఏ పనికో మాత్రం రాయలేదు. అది తెలియకుండా ఎవరేం చెప్పినా వాళ్ల పనికి పనికొచ్చే జవాబే చెబుతారు, నీ పనికి కాదు.

ముందు ఆ ఫీచర్ల పట్టికలు మూసెయ్. ఇటు టిక్కు, అటు ఇంటూ పెట్టి చూపించే వాటిలో చాలావరకు పాతబడిపోయిన సంగతులే. గింప్‌లో 8 బిట్లకు మించి రంగు లోతు (అంటే ఒక్కో రంగులో ఎన్ని ఛాయలు పడతాయన్నది) లేదని ఇప్పటికీ రాస్తుంటారు, 2018లో 2.10 వెర్షన్‌తోనే 16, 32 బిట్లు వచ్చేశాయి. ఒకసారి వేసిన ఫిల్టర్‌ని తర్వాత తెరిచి మార్చుకోలేం అన్నది మాత్రం చాలాకాలం నిజమే, చిన్న లోటేం కాదు కూడా. 2025 మార్చిలో 3.0 వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. విండోలు ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటాయని వెక్కిరించేవాళ్లు 2018 తర్వాత దాని మొహం చూసినట్టు లేదు. అందుకే ఎవరి తీర్పు చదివినా, వాళ్లు ఏ వెర్షన్ గురించి మాట్లాడుతున్నారో ముందు చూసుకో.

తర్వాత నువ్వు ఈమధ్య చేసిన అసలు పని ఒకటి తీసుకో, అందులోనూ నిన్ను బాగా ఏడిపించినదే తీసుకో. గాలికి ఎగిరే జుట్టు చుట్టూ సెలెక్షన్ చెయ్యాల్సినదో, సాయంత్రం ఆకాశంలో రంగు చారలు పడకుండా చూడాల్సినదో ఏదో ఒకటి. మొదటి నుంచి చివరి ఎక్స్‌పోర్ట్ వరకు మొత్తం గింప్‌లోనే చెయ్. అక్కడితో ఆపకు. ఫైలు మూసేసి, రెండ్రోజుల తర్వాత క్లయింట్ ఫోన్ చేసి "రంగు కాస్త తగ్గించండి, ఆ అక్షరాలు మార్చండి" అన్నాడనుకుని మళ్లీ తెరువు. ఒక బొమ్మని బాగా చెయ్యడం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కుదురుతుంది, చేసినదాన్ని విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చినప్పుడే తేడాలు బయటపడతాయి.

మొదట్లో విసుగొస్తుంది, ఖాయం. కొత్త వంటింట్లో గరిటె ఎక్కడుందో వెతుక్కున్నట్టు ఉంటుంది, వేళ్లేమో పాత షార్ట్‌కట్లు నొక్కుతుంటాయి. ఆ విసుగుని సాఫ్ట్‌వేర్ ఖాతాలో రాయకు. ఒక కాగితం పక్కన పెట్టుకుని, ఆగిపోయిన ప్రతిసారీ ఎందుకు ఆగావో రాసుకో: ఆ టూల్ ఎక్కడుందో తెలియకా, లేక అసలు అలాంటిదే లేకా? మొదటి రకం కొద్ది వారాల్లో వాటంతటవే పోతాయి, నువ్వు లెక్కపెట్టాల్సింది రెండో రకమే.

రెండో రకంలో ఏమేం రావచ్చో నా మాటగా చెబుతాను. రోజూ వేరే వాళ్ల దగ్గర్నుంచి పీఎస్‌డీ ఫైళ్లు (ఫోటోషాప్ సొంత ఫైళ్లు) వచ్చి, మళ్లీ వాళ్లకే తిరిగి పంపాలంటే వాదన అనవసరం, డబ్బు కట్టు. గింప్ పీఎస్‌డీ తెరుస్తుంది గానీ, స్మార్ట్ ఆబ్జెక్టుల్లాంటివి (అసలు బొమ్మని చెడకుండా లోపల దాచుకునే లేయర్లు) ఉన్నవి ఉన్నట్టు తిరిగి వెళ్తాయని నమ్మి డెడ్‌లైన్ పెట్టుకోకు. ప్రింటింగ్‌ది ఇంకో గొడవ: సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్ వాడే నాలుగు సిరాల రంగుల్లో, బొమ్మ ఎలా కనిపిస్తుందో గింప్ చూపిస్తుంది, 3.0 నుంచి అలా ఎక్స్‌పోర్ట్ కూడా చేస్తుంది, కానీ లోపల పని నడిచేది ఆర్‌జీబీలోనే, అంటే తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లోనే. నల్ల అక్షరాలు నల్ల సిరా ఒక్కదాంతోనే పడాలి అనే స్థాయి పట్టింపు ఉంటే ఇది చాలదు. ఒక్క క్లిక్కుతో మనిషిని వేరు చెయ్యడం, ఖాళీని ఏఐతో నింపడం లాంటి వాటిలోనూ ఫోటోషాపే ముందుంది, అందులో మొహమాటం ఏముంది?

ఇంకో సంగతి, పోల్చేటప్పుడు గింప్‌ని ఒంటరిగా నిలబెట్టకు. రా (RAW) ఫోటోలకు, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే ఫైళ్లకు, డార్క్‌టేబుల్ ఉంది, రాథెరపీ ఉంది. బొమ్మలు గీయడానికి క్రిటా ఉంది, సీఎంవైకేలో నేరుగా పని చెయ్యనిస్తుంది కూడా. లోగోలకు ఇంక్‌స్కేప్. ఇవన్నీ కలిపి ఒక బల్ల మీద పెట్టి చూడు. కాకపోతే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఫైలు మోసుకెళ్లడానికీ టైమ్ పడుతుంది, అది కూడా ఖర్చే అనుకో.

క్రాక్ చేసిన ఫోటోషాప్ కాపీతో పోల్చి "రెండూ ఉచితమే కదా మామయ్యా" అని మాత్రం అనకు, వైరస్ సంగతి అటుంచు, క్లయింటు లైసెన్స్ అడిగిన రోజు ఏం చూపిస్తావు? గింప్‌తో చేసిన బొమ్మ అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా అడిగేవాడు లేడు. అటు ఫోటోషాప్ 2013 నుంచి చందా పద్ధతికి మారిపోయింది, కట్టడం ఆపితే ప్రోగ్రాం ఆగిపోతుంది. పని బాగా వచ్చే నెలల్లో అది బరువనిపించదు, పని లేని నెలల్లోనే ఆ బిల్లు కనిపిస్తుంది. నీది ఏ రకం సంపాదనో నీకే తెలియాలి.

కాగితం నిండాక ఫోటో తీసి పంపు. రెండో రకంలో ఒకటో రెండో ఉండి, అవి కూడా ఎప్పుడో ఒకసారి వచ్చేవైతే, ఆ పని వచ్చిన నెలకి మాత్రం చందా కట్టుకుంటే చాలేమో చూద్దాం. కట్టే ముందు ఏడాది ఒప్పందమా, నెల ఒప్పందమా అన్నది చదివి మరీ నొక్కు.

మీ మామయ్య