క్లాసులన్నీ విన్నా మార్కులు ఎందుకు పడిపోయాయి?

ప్రశ్న: యూనివర్సిటీలో మొదటి సంవత్సరం పూర్తయింది. స్కూల్లో ఎప్పుడూ ముందుండేదాన్ని. ఇక్కడ ఒక్క క్లాసు కూడా మానలేదు, నోట్సంతా రాసుకున్నాను, పరీక్షల ముందు రెండు మూడుసార్లు తిరగేశాను. అయినా రెండు సబ్జెక్టులు తప్పాను. సగటు గ్రేడు 6.2 దగ్గర ఆగింది. ఇంట్లో అన్నీ పాసయ్యానని చెప్పాను. ఈ కోర్సు నాకు సరిపడదేమో, మారిపోనా? రేపు ఉద్యోగాలకు ఈ మార్కులు అడ్డమవుతాయా?

జవాబు: కోర్సు మారే సంగతి ఇప్పుడే తేల్చకండి. సబ్జెక్టు నచ్చలేదన్న మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎలా చదివారో మాత్రం వివరంగా రాశారు. చిక్కంతా అక్కడే ఉందనిపిస్తోంది.

స్కూల్లో మీకు ఏది వచ్చో, ఏది రాదో కనిపెట్టే పని వేరేవాళ్లు చేసేవారు. స్లిప్ టెస్టులు పెట్టేవారు, హోంవర్కు దిద్దేవారు, లేపి నిలబెట్టి అడిగేవారు. యూనివర్సిటీలో అలా వెంటపడి అడిగేవాళ్లు అరుదు. ఫలానా పాఠం మీకు రాదన్న సంగతి ప్రశ్నపత్రం చేతికొచ్చాక గానీ తెలియదు. ఆ కనిపెట్టే పని ఇకమీదట మీదే. మొదటి సంవత్సరం నేర్పే పాఠాల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది దీన్నే.

క్లాసుకు వెళ్లడం చదువులో ఒక భాగం మాత్రమే. యూరప్ యూనివర్సిటీలు పాటించే, చదువుకు పట్టే శ్రమను క్రెడిట్లలో కొలిచే ఈసీటీఎస్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. క్లాసులు, పరీక్షలు, సొంతంగా కూర్చుని చదవడం అన్నీ అందులోకే వస్తాయి. మీ యూనివర్సిటీ లెక్క వేరు కావచ్చు. కానీ క్లాసు బయట మీరు ఎన్ని గంటలు చదివారో ఒకసారి నిజాయితీగా లెక్కేసుకోండి.

ఇక తిరగేయడం గురించి. 2006లో రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న చిన్న పాఠ్యభాగాలిచ్చారు. ఒకదాన్ని మళ్లీ చదివించారు. మరోదాన్ని చూడకుండా, గుర్తున్నదంతా రాయించారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివిన భాగమే ఎక్కువ గుర్తుంది. వారం గడిచాక తారుమారైంది. రాసి చూసుకున్న దాంట్లో సుమారు 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివిన దాంట్లో 42 శాతమే మిగిలింది. పరీక్ష ముందురోజు రాత్రి మీకు అన్నీ వచ్చినట్టే అనిపించి ఉంటుంది. పేజీ కంటికి అలవాటైంది, చేతికి మాత్రం రాలేదు.

కాబట్టి చదివే తీరు మార్చండి. క్లాసు అయిన రోజు సాయంత్రం నోట్సు మూసేసి, తెల్లకాగితం మీద ఆ పాఠంలో గుర్తున్నదంతా రాయండి. ఆగిపోయిన చోట కాసేపు గింజుకోండి, వెంటనే నోట్సు తెరవకండి. తర్వాత నోట్సు తెరిచి, వదిలేసినవి ఎర్ర సిరాతో పక్కన చేర్చండి. రెండు మూడు రోజులాగి ఆ ఎర్ర సిరా భాగాన్నే మళ్లీ చూడకుండా రాయండి. మొదట్లో కాగితం సగానికి పైగా ఎర్రగా ఉంటుంది, మనసు చివుక్కుమంటుంది. ఉండనివ్వండి. సెమిస్టర్ మధ్యలో ఎర్రగా కనబడితే దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.

తప్పిన రెండు సబ్జెక్టుల జవాబుపత్రాలు చూడనిస్తారేమో కనుక్కోండి. పోయిన ప్రతి మార్కు పక్కనా కారణం రాయండి: అసలు రాకపోవడమా, వచ్చినా సమయం చాలకపోవడమా, ప్రశ్నను పొరపాటుగా అర్థం చేసుకోవడమా? మూడింటికీ మందు వేర్వేరు. సమయం చాలక పోయిన మార్కులకు ఇంకో పుస్తకం కొని లాభం లేదు, గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాయాలి.

ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి. ‘ఈ చాప్టర్ అర్థం కాలేదు’ అంటే ఆయనకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. మీరు చేసిన లెక్క చూపించి, ‘మూడో మెట్టు దాకా వచ్చాను సార్, ఇక్కడ గుర్తు ఎందుకు మారిందో తెలియడం లేదు’ అనండి. అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. పైగా ఇంటర్న్‌షిప్‌కో పై చదువుకో సిఫారసు లేఖ కావాల్సి వచ్చినప్పుడు, మీ గురించి నాలుగు మాటలు రాయగలిగే మనిషి ఒకరుంటారు.

ఉద్యోగాల భయానికి ఒక చిన్న లెక్క. కోర్సంతా 160 క్రెడిట్లు, అందులో మొదటి సంవత్సరానివి 40 అనుకుందాం. ఆ 40లో సగటు 6.2గానే ఉండిపోయినా, మిగతా 120లో 8 తెచ్చుకుంటే చివరికి 7.55 అవుతుంది. కనీస మార్కుల గీత పెట్టే సంస్థలు ఉన్నాయి, తప్పిన సబ్జెక్టులు మిగిలి ఉంటే దరఖాస్తే తీసుకోనివీ ఉన్నాయి. అందుకే సగటు కన్నా ముందు ఆ రెండింటి సంగతి చూడండి. రెండో సంవత్సరం పాఠాలకు వాటిలో ఏది పునాదో, దానితో మొదలుపెట్టండి. మళ్లీ రాస్తే కొత్త గ్రేడే లెక్కకొస్తుందా, పాతదీ కలుస్తుందా అన్నది మీ యూనివర్సిటీ నిబంధనల్లో ఉంటుంది. చదవండి.

వచ్చే సెమిస్టర్ ఇలా చదివి చూడండి. పాఠం వచ్చాక కూడా దాని మీద ఆసక్తి కలగకపోతే, అప్పుడు కోర్సు మార్పు గురించి మాట్లాడదాం. రాని సబ్జెక్టు, నచ్చని సబ్జెక్టు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి.

ఇంట్లో మాత్రం ఈ వారమే చెప్పేయండి. మళ్లీ రాసే పరీక్షల తేదీలు, ఎలా చదవబోతున్నారో రాసుకున్న కాగితం పట్టుకుని అమ్మానాన్నల దగ్గర కూర్చోండి. కోప్పడతారేమో, బాధపడతారేమో. కానీ దాచిపెట్టి చదవడం చాలా కష్టం, ఫోన్ మోగిన ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. చెప్పాక కూడా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా యూనివర్సిటీలో ఉండే కౌన్సెలర్‌ను కలవండి. ఆ సేవ మీలాంటి విద్యార్థుల కోసమే.